టిక్కు పడని వాక్యం

"మూడు గంటలకి క్షమాపణ అచ్చుకి వెళ్లిపోతుంది. అది దాటితే ఒక్క నిమిషం కూడా ఆపలేను," అన్నాడు సంపాదకుడు.

గోడ గడియారం పదకొండూ పది చూపిస్తోంది. అంటే నా చేతిలో ఉన్నది మూడు గంటల యాభై నిమిషాలు. డిటెక్టివ్‌గా మారకముందు పాతికేళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్‌గా పనిచేశాను. నిమిషాలు లెక్కపెట్టడం నాకు ఊపిరి తీసుకున్నంత అలవాటు.

బల్ల మీద రెండు వస్తువులున్నాయి. మొదటిది ఇరవయ్యో తేదీన విడుదలైన వాళ్ల సాహిత్య పత్రిక. పదకొండేళ్ల క్రితం గొంతు పోయిందని వేదిక దిగిపోయిన మహా గాయని మీద తొమ్మిది పేజీల ప్రొఫైల్ అందులో ఉంది. ఊరు ఊరంతా చెప్పుకుంటున్నది మాత్రం అందులోని రెండే రెండు వాక్యాల గురించి. 'నా గొంతు పోలేదు. పోయిందని చెప్పించారు.'

రెండోది ఆ గాయని సంతకంతో వచ్చిన ఉత్తరం. తాను ఏ విలేఖరినీ కలవలేదనీ, ఆ తొమ్మిది పేజీలూ కట్టుకథేననీ అందులో ఉంది.

"సంతకం ఆవిడదేనా?" అన్నాను.

"ఆవిడదే. పాత ఆటోగ్రాఫులతో పోల్చి చూశాం."

"ఆవిడతో మాట్లాడారా?"

"ఎక్కడో కొండ ఊళ్లో విశ్రాంతి తీసుకుంటోందట. ఎవరితోనూ మాట్లాడదట."

"ఎవరన్నారు?"

"వాళ్ల మరిది గారు. భర్త పోయిన దగ్గర్నుంచీ ఆవిడ వ్యవహారాలన్నీ ఆయనే చూస్తున్నాడు."

"ఉత్తరం తెచ్చిందెవరు?"

"ఆయనే."

"పదకొండేళ్ల క్రితం గొంతు పోయిందని లోకానికి చెప్పింది?"

సంపాదకుడు తల దించుకున్నాడు. "ఆయనే."

"బాగుంది. పెళ్లికొడుకూ ఆయనే, పురోహితుడూ ఆయనే అన్నమాట."

మూల కుర్చీలో కూర్చున్న రచయిత్రి ఈ మాటకి కూడా నవ్వలేదు. ఆ తొమ్మిది పేజీలూ రాసింది ఆమే. ముప్పై అయిదేళ్లుంటాయి. మూడు గంటలకి క్షమాపణతో పాటు ఆమె ఉద్యోగమూ పోతుంది. కట్టుకథలు రాసే మనిషన్న పేరు పడితే ఇంకే పత్రికా గుమ్మం ఎక్కనివ్వదు. నా ఫీజు సంపాదకుడు ఇస్తున్నాడు గానీ, నేను కాపాడాల్సింది ఎవరినో ఆ మొహం చూడగానే తేల్చుకున్నాను.

"రికార్డు చేశావా అమ్మా?"

"లేదు మేడమ్. మొదటిరోజే ఆవిడ అన్నారు, ఆ డబ్బా, ఆ పుస్తకం రెండూ సంచిలో పెట్టేయమ్మా, నా మొహం చూస్తూ విను అని. పెట్టేశాను."

"మరి ఎప్పుడు రాసుకున్నావు?"

"బయటికొచ్చాక. బస్టాపులో బెంచీ మీద కూర్చుని, మర్చిపోకముందే గబగబా."

నోట్‌బుక్కు ఇచ్చింది. మూడో తేదీ, అయిదు, ఆరు. మూడు సార్లు వెళ్లింది. ఎక్కిన బస్సు నంబర్లతో సహా ఉన్నాయి. మొదటి పేజీలోనే 'ఏడు మెట్లు, నీలం కిటికీలు' అని ఉంది. పత్రిక తిప్పి చూశాను. అందులో పందొమ్మిది మెట్లు, ఆకుపచ్చ కిటికీలు ఉన్నాయి.

"ఇదేమిటి?"

"మా దగ్గర వాస్తవాల విషయంలో రాసినవాళ్ల మాట చెల్లదండీ. వేరే ఆయన ఫోన్లు చేసి సరిచూస్తారు. మేమందరం టిక్కు మాస్టారంటాం. ఆయన మార్చారు."

"ఎందుకు మార్చారని అడగలేదా?"

"అచ్చయ్యాక చూసుకున్నాను. చూసి గట్టిగా అరిచాను. నాలుగు రోజులైంది, మా ఇద్దరికీ మాటల్లేవు." ఒక్క క్షణం ఆగింది. "నిజం చెప్పమంటారా? ఇప్పుడు నాకే అనుమానంగా ఉంది. అంతా జ్ఞాపకం మీద రాసిందే కదా. ఏమో, పందొమ్మిదేనేమో."

ఆ మాటకి నా మనసు కలుక్కుమంది. కళ్లారా చూసిన మనిషిని తన కళ్లనే అనుమానించేలా చేశారు. అంతకన్నా పెద్ద దొంగతనం ఉంటుందా?

"అన్నిటికన్నా చివరి వాక్యం..." అంటూ ఆమె పత్రిక వైపు వేలు చూపించింది. "ఆవిడ గేటు దాకా వచ్చి నన్ను సాగనంపారు మేడమ్. నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. అలాగే రాశాను. అచ్చులో గుమ్మం దాకా కూడా రాలేదని ఉంది. ఒకవేళ ఆవిడే అలా చెప్పించి ఉంటే... అంత కానిదాన్నయ్యానా?"

అప్పుడు మాత్రం ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. టిక్కు మాస్టారు గ్రంథాలయానికి వెళ్లాడనీ, ఒంటిగంటన్నరకి గానీ రాడనీ సంపాదకుడు చెప్పాడు. నేను గొడుగు తీసుకుని లేచాను.

పన్నెండూ అయిదుకి గాయని ఇంటి ముందు దిగాను. అక్కడ నాకన్నా ముందే ఒకడు కొలత టేపు పట్టుకుని మెట్ల మీద వంగి ఉన్నాడు. నా దగ్గరే ఓనమాలు దిద్దుకుని, నా క్లయింట్లలో సగంమందిని వెంటేసుకుని వెళ్లి సొంత దుకాణం పెట్టుకున్న ఘనుడు. ఎండాకాలంలో కూడా సూటు విప్పడు కాబట్టి నేను పెట్టిన పేరు సూటు. ఈసారి వాణ్ణి పెట్టుకున్నది మరిది గారన్నమాట.

"రండక్కా, సమయానికొచ్చారు. ఏడు మెట్లు. లెక్కపెట్టుకోండి," అన్నాడు.

"నాకు ఏడు దాకా వచ్చులేరా. నీకు నేర్పింది నేనే."

"నేర్పారు కాబట్టే గెలుస్తున్నాను. లోపలికి రండి, చూపిస్తాను."

మరిది గారు తలుపు దగ్గరే నిలబడి నమస్కారం పెట్టాడు. సన్నగా, శుభ్రంగా, మాటకి ముందు నవ్వు పెట్టుకుని మాట్లాడే మనిషి. ఇలాంటి వాళ్లు విసుక్కుంటే నాకు భయం ఉండదు. నవ్వితేనే ఉంటుంది.

హాల్లో సూటు పత్రిక తెరిచి పాఠం అప్పజెప్పినట్టు మొదలుపెట్టాడు. "పేజీ పన్నెండు. ఆకుపచ్చ కిటికీలు. ఇక్కడున్నవి నీలం. పేజీ పదమూడు. బడి గంట వినిపిస్తుందట. ఇక్కడ చుట్టుపక్కల బడే లేదు."

సరిగ్గా అప్పుడే ఇంటి వెనకనుంచి రైలు వెళ్లింది. అద్దాలు గలగలమన్నాయి. పన్నెండూ పదిహేడు. రచయిత్రి నోట్‌బుక్కులో 'మాటల మధ్య రైలు' అని ఉంది.

"పేజీ పద్నాలుగు. రంపపు పొట్టు వాసనట! ఇంత శుభ్రమైన ఇంట్లో రంపపు పొట్టేమిటక్కా? ఆ రాసినావిడ ఈ గడప తొక్కలేదు. అంతే. కేసు క్లోజ్."

"తొక్కని మనిషి నోట్‌బుక్కులో ఏడు మెట్లు, నీలం కిటికీలు, రైలు ఎలా వచ్చాయి?"

"నోట్‌బుక్కు నిన్నయినా రాసుకోవచ్చు. వీధిలో నిలబడితే మెట్లూ కిటికీలూ ఎవరికైనా కనిపిస్తాయి. అచ్చయింది ముఖ్యం." కాలు మార్చి, మోకాలు రుద్దుకున్నాడు. "మీ కళ్లద్దాలు మార్చే టైమొచ్చింది."

కళ్లద్దాల సంగతి ఎత్తాడు కాబట్టి నేనూ వంగి వాడి బూట్లు చూశాను. అద్దంలా మెరిసే నల్ల బూట్లు. అంచు కుట్లలో మాత్రం లేత పసుపు పొడి ఇరుక్కుని ఉంది. నేలంతా పాలరాయి, దానిమీద దుమ్ము రేణువు కూడా లేదు. ఈ పొడి ఎక్కడిదో వాడు చెప్పలేదు, నేను అడగలేదు.

మూల స్టూలు మీద టెలిఫోన్ ఉంది. చెయ్యి ఊరుకోదు కదా, ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నాను. చప్పుడు లేదు.

"లైను తీయించేశామండీ," అన్నాడు మరిది నవ్వుతూ. "వదిన ఎనిమిదో తేదీనే ఊరికి వెళ్లిపోయింది. మనిషి లేనిచోట ఫోనెందుకని."

"ఎనిమిదా? గట్టిగా గుర్తుందా?"

"నేనే దగ్గరుండి తీసుకెళ్లాను."

మంచిది. నాకు కావాల్సింది అంకె. అది ఎందుకు పనికొస్తుందో అప్పటికి తెలియదు గానీ కొంగున ముడేసుకున్నాను.

ఒంటిగంటా ముప్పై అయిదుకి పత్రికాఫీసు మెట్ల కింది గదిలో టిక్కు మాస్టారి ఎదుట కూర్చున్నాను. అరవై దాటిన మనిషి. చెవి మీద పెన్సిలు, గదినిండా ప్రూఫులు. ఆయన పద్ధతి ఏమిటంటే, నిజమని తేలిన ప్రతి మాట నెత్తిన ఒక టిక్కు పెడతాడు. వాక్యానికి కాదు, మాటకి! తొమ్మిది పేజీల ప్రూఫు చీమలు పాకినట్టుంది.

"నన్ను ఎవరూ ఏమీ అడగలేదు," అన్నాడు ముందే. గొంతులో కోపం కన్నా నొప్పి ఎక్కువగా ఉంది. "ముప్పై ఏళ్లలో మొదటిసారి మాస్టారు తప్పు చేశాడని అందరూ అనుకుంటున్నారు. పెద్దవాణ్ణి కదా, బాధపడతానని మొహం చాటేస్తున్నారు."

మొహమాటానికి పోతే ఏమవుతుందో మనకో సామెత ఉంది. పెద్దాయన ఎదుట కాబట్టి మింగేశాను.

"నేను అడుగుతున్నాను మాస్టారూ. పందొమ్మిది ఎవరు చెప్పారు?"

"ఆవిడే."

"ఎవరు?"

"గాయని గారే చెప్పారమ్మా. నా సొంత బుర్రతో అక్షరం మార్చను. ఇంటికి రెండ్రోజులు ఫోన్ చేశాను, ఎవరూ ఎత్తలేదు. మరిది గారి ఆఫీసుకి చీటీ పంపాను. పన్నెండో తేదీ, పదకొండూ ఇరవైకి వాళ్లే చేశారు. పద్నాలుగు నిమిషాలు మాట్లాడాం."

కుర్చీ ముందుకి జరుపుకున్నాను. "మొదట మాట్లాడింది ఆవిడేనా?"

"కాదు. మగ గొంతు. 'వదినకిస్తున్నా, పాపం తొందరగా ముగించండి' అన్నాడు."

ఇంట్లో ఫోను పోయింది ఎనిమిదిన. ఆవిడ మాట్లాడింది పన్నెండున. ఎవరితోనూ మాట్లాడని వదినకి స్వయంగా ఫోన్ అందించింది మరిది. ఎవరినీ కలవలేదన్న ఉత్తరం అక్కడే చిరిగిపోయింది. కానీ నాకు తృప్తి కలగలేదు. అబద్ధం పట్టుకోవడం ఒక ఎత్తు, ఆవిడ ఎక్కడుందో కనుక్కోవడం ఒక ఎత్తు.

"ఆ కాగితం చూపించండి మాస్టారూ."

"అడిగిన కాగితాలు రాసినవాళ్లకి కూడా చూపించను. అది నియమం."

"మంచి నియమమే. నేను రాసినదాన్ని కాదుగా."

ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు. సొరుగు తాళం తీశాడు. అంతలో తలుపు దగ్గర అలికిడయింది. రచయిత్రి నిలబడి ఉంది. నాలుగు రోజుల మౌనం ఇద్దరి మొహాల మీదా కనిపిస్తోంది. మాస్టారు పక్క కుర్చీ మీది ప్రూఫులు తీసి కింద పెట్టాడు. ఆమె కూర్చుంది.

"గాయని అన్న ఆ రెండు వాక్యాలూ ఫోన్లో చదివి వినిపించారా?" అన్నాను.

"లేదు, మనిషి అన్న మాటలు తిరిగి చదివి వినిపించం. వినిపిస్తే మార్చేసుకుంటారు. మెట్లెన్ని, రంగేమిటి, అలాంటివే అడుగుతాం."

అందుకే మరిది ఒప్పుకున్నాడు. ఆ రెండు వాక్యాల సంగతి పత్రిక వచ్చేదాకా అతనికి తెలియదు. కాదంటే అనుమానం వస్తుందని, పక్కన కూర్చుని రెండు ముక్కలు మాట్లాడించాడు.

పక్కన కూర్చుని! ఆ ఆలోచన దగ్గర ఆగిపోయాను. పాతికేళ్లు ఆపరేటర్‌గా చేసినదానికి ఇంత ఆలస్యంగా వెలగడం సిగ్గుచేటు. ఫోను పక్కన కూర్చున్నవాడికి వినిపించేది సగమే.

"మాస్టారూ, మీ ప్రశ్నలు వదిలేయండి. ఆవిడ జవాబులు మాత్రం చదవండి. అవును, కాదు అన్నవి అక్కర్లేదు. మార్చినవి."

ఆయన కళ్లద్దాలు సర్దుకున్నాడు. "పందొమ్మిది. ఆకుపచ్చ. బడి గంట. రంపపు పొట్టు. చివర్న... గేటు దాకానా? గుమ్మం దాకా కూడా లేదు."

"వాళ్ల నాన్నగారు ఏం చేసేవారు?"

"వడ్రంగి," అంది రచయిత్రి వెంటనే. "ఆవిడ చిన్నతనమంతా..." మాట మధ్యలో ఆపి ఆ కాగితం వైపు వంగింది.

"అదే. పక్కన కూర్చున్నవాడికి ఏం వినిపించింది? బడి గంట, రంపపు పొట్టు... వదిన చిన్ననాటి కబుర్లు చెప్పుకుంటోందనుకున్నాడు. కానీ మాస్టారు అడిగింది దేని గురించి?"

"ఇంటి గురించి," అన్నాడు మాస్టారు. "మీ ఇంటికి ఏడు మెట్లేనా, మీ కిటికీలు నీలమేనా అని అడిగాను."

"ఆవిడ చెప్పింది తప్పు కాదు మాస్టారూ. తనని ఉంచిన ఇంటి గురించి చెప్పింది. ప్రతి మాటా సరిచూసే పత్రిక కాబట్టి, తప్పు కనిపిస్తే ఎవరో ఒకరు నిలబడి చూస్తారని నమ్మింది. మనం ఏం చేశాం? ఒకరినొకరు తిట్టుకుంటూ కూర్చున్నాం."

రచయిత్రి ప్రూఫు దగ్గరికి లాక్కుని చివరి పేజీ తిప్పింది. చాలా మెల్లిగా అంది: "గుమ్మం దాకా కూడా లేదు. నన్ను అవమానించారనుకున్నాను. ఆవిడని గుమ్మం దాకా కూడా రానివ్వడం లేదు."

ఆమె ఏడుస్తోంది గానీ, ఇందాకటి ఏడుపు కాదు ఇది. మాస్టారు ఆమె తల మీద చెయ్యి వేసి, "నేనైనా ఒక్క మాట అడగాల్సిందమ్మా," అన్నాడు. ఇద్దరూ నాలుగు రోజుల కోపం ఒక్క నిమిషంలో కడిగేసుకున్నారు. నాకు సంతోషమే గానీ గడియారం రెండు చూపిస్తోంది.

"కన్నీళ్లు తర్వాత. కాగితంలో ఇంకేమన్నా ఉందా?"

"ఒకటుంది. మాటల మధ్య ఫోన్లో గంట మోగింది. సమయం వేసుకున్నాను. పదకొండున్నర."

ఆ ముసలాయన్ని ముద్దు పెట్టుకోవాలనిపించింది. ఫోన్లో వినిపించిన గంటకి కూడా టైము వేసుకునే మనిషి ఈ భూమ్మీద ఇంకొకడుంటాడా?

ఆ తర్వాత ముప్పై నిమిషాలు ఆ ఆఫీసులో జరిగిన పని నా జీవితంలో నేను చూసిన అందమైన దర్యాప్తు. మాస్టారు బీరువాలోంచి టెలిఫోన్ డైరెక్టరీ దించి బడుల పేజీలు మూడు భాగాలు చేశాడు. మూడు ఫోన్లు, ముగ్గురం. "నమస్కారమండీ, మీ ఇంటర్వెల్ గంట ఎన్నింటికి? పక్కన వడ్రంగి షెడ్డు ఉందా?" కొందరు విసుక్కున్నారు. ఒకాయన నన్ను ఏ క్లాసు పిల్ల తల్లివని అడిగాడు. ఒక బడిలో గంట పదకొండున్నరకే గానీ పక్కన ఉన్నది ఆసుపత్రి. సంపాదకుడు తలుపు దగ్గరికొచ్చి గడియారం చూపించబోయి, మా మొహాలు చూసి నాలుగో ఫోను అందుకున్నాడు.

రెండూ ముప్పై ఒకటికి రచయిత్రి చెయ్యి పైకెత్తింది. రిసీవరు అందరికీ వినిపించేలా పట్టుకుంది.

"గంట పదకొండున్నరకే," అంటున్నాడు అవతల బడి గుమాస్తా. "వడ్రంగి షెడ్డు గోడ అవతలే. పైన ఆకుపచ్చ కిటికీలు కూడా ఉన్నాయి. ఏమండీ, మీరూ కంప్లయింటేనా?"

"దేని గురించండీ?" అంది రచయిత్రి.

"పాట గురించి! రెండు వారాల నుంచీ ఇదే గొడవ. కింద రంపం ఆగితే చాలు, పైన ఎవరో ఒకావిడ ఎత్తుకుంటుంది. మూడో తరగతి పిల్లలు లెక్కలు మానేసి గోడకి చెవులానించి కూర్చుంటున్నారు. టీచరమ్మని మందలించమంటే ఆవిడా అక్కడే కూర్చుంటోంది. ఇదిగో, ఇప్పుడు కూడా. ఉండండి, కిటికీ దగ్గర పెడతాను."

రిసీవరులో గాలి చప్పుడు. తర్వాత దూరంగా, సన్నగా ఒక గొంతు. పదకొండేళ్లు వినని గొంతు. కొంచెం బరువెక్కింది, కొంచెం గరుకు తేలింది. పైస్థాయి అందుకునేటప్పుడు మాత్రం ఎక్కడా తడబడలేదు. సంపాదకుడు తన ఫోనులో ప్రెస్సుకి, "క్షమాపణ ఆపేయండి. నేనే చెబుతున్నా, ఆపేయండి," అంటున్నాడు.

"ఎవరిదక్కా ఆ పాట?"

గుమ్మంలో సూటు నిలబడి ఉన్నాడు. క్షమాపణ కాపీ తీసుకెళ్లడానికి అరగంట ముందే వచ్చినట్టున్నాడు.

"నీ బూట్లనడుగు," అన్నాను. "ఆ రంపపు పొట్టు ఎక్కడ అంటుకుందిరా? పందొమ్మిది మెట్లెక్కితేనేగా మోకాలు పట్టింది?"

వాడు బూట్ల వైపు చూసుకున్నాడు. నేను నేర్పిన రోజుల్లో తప్పు లెక్క చేసినప్పుడు ఎలా ఉండేదో అదే మొహం. "పొద్దున ఆ మరిదే ఒక పెట్టె ఇచ్చి పైన గుమ్మంలో పెట్టి రమ్మన్నాడు. ఎవరో చుట్టానికి బట్టలన్నాడు. తలుపుకి బయట తాళం ఉంటే... నేనడగలేదక్కా."

"నువ్వు కొలవమన్నవే కొలుస్తావు. అదే నీ జబ్బు."

"మూడున్నరకి అక్కడికి వ్యాను వస్తుందన్నాడు. నగరం దాటించేస్తారు." ఒక్క క్షణం తటపటాయించి, జేబులోంచి తాళాలు తీశాడు. "కారు కిందే ఉంది. ఇరవై అయిదు నిమిషాల దారి. నాకు తెలుసు."

"నువ్వే నడుపు, నీ ఫోను మాత్రం నా దగ్గరుంటుంది. సంపాదకుడు గారూ, పోలీసులకి చెప్పండి. మగ గొంతు, పన్నెండో తేదీ, ఫోను లైను సంగతి, అన్నీ వరసగా."

రెండూ ముప్పై తొమ్మిది. రచయిత్రి అప్పటికే మెట్ల దగ్గరుంది. నోట్‌బుక్కు సంచిలో పెట్టేసుకుని, చేతులు ఖాళీగా.

నేను వెనక్కి తిరిగి చూశాను. మాస్టారు ఇంకా రిసీవరు చెవికి ఆనించుకునే ఉన్నాడు. ఎదురుగా ప్రూఫు పద్నాలుగో పేజీ. ఆ చీమలబారు మధ్య ఒక్కచోటే తెల్లగా ఉంది. సరిచూసే దారి లేక ఆయన వదిలేసిన ఆ రెండు వాక్యాలూ అక్కడే ఉన్నాయి.

ఆయన పెన్సిలు తీసి, పాట వింటూనే, 'నా' మీద ఒకటి, 'గొంతు' మీద ఒకటి, 'పోలేదు' మీద ఒకటి, మూడు టిక్కులు పెట్టాడు.

"రెండోదానికి?" అన్నాను.

"దానికి ఆవిడ్ని అడగాలి," అన్నాడు మాస్టారు, పెన్సిలు కింద పెట్టకుండానే. "వెళ్లి తీసుకురండమ్మా. ఇక్కడే కూర్చుంటాను."